ఒరాకిల్ డేటాబేస్ కంట్రోల్

ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ డేటాబేస్ కంట్రోల్ అనేది ఒరాకిల్ డేటాబేసును అంతర్జాల విహరిణి ద్వారా నిర్వహించడానికి ఒరాకిల్ సంస్థ రూపొందించిన ఉపకరణం. వాడుకలో దీనిని డీబీ కన్సోల్ అని పిలిచేవారు. 2003లో ప్రకటించిన 10జీ వెర్షనుతో ఇది ప్రవేశించింది, 11జీ రెండవ విడుదల వరకు కొనసాగింది. 2013లో వచ్చిన 12సీ నుండి దీనిని తొలగించారు. డేటాబేసును ప్రారంభించడం, ఆపడం, పట్టికలను సృష్టించడం, వాడుకరులకు అధికారాలివ్వడం, బ్యాకప్ తీయడం, నిర్ణీత సమయాలకు నడిచే జాబ్‌ల స్థితిగతులను గమనించడం వంటివన్నీ ఇందులో ఒకేచోట లభించేవి. ఇక్కడ జాబ్ అంటే ఉద్యోగం కాదు. మనిషి దగ్గర లేకున్నా యంత్రం తనంతట తాను నిర్ణీత వేళకు చేయవలసిన పని అని అర్థం.

నేపథ్యం

1990లలో డేటాబేసు నిర్వాహకుడు ముఖ్యంగా ఆదేశ వాక్యాలతోనే పని చేసేవాడు. ఎస్‌క్యూఎల్ ప్లస్ అనే నల్లని తెర, చేతిరాత పుస్తకంలో వ్రాసుకున్న కొన్ని ఉపయోగకరమైన క్వెరీలు అతని పనిముట్లు. ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ అనే పేరుతో ఒక చిత్రాత్మక ఉపకరణం అప్పటికే ఉన్నా, దానిని నిర్వాహకుని సొంత కంప్యూటరులో స్థాపించుకోవలసి వచ్చేది. 9ఐ కాలంలో ఇది జావాతో నిర్మించిన బరువైన ప్రోగ్రాము. వేరే ఊరిలోనో, వేరే యంత్రం వద్దనో ఉన్నప్పుడు అది అందుబాటులో ఉండేది కాదు.

10జీతో ఈ పద్ధతి మారింది. కన్సోలు సర్వరులోనే నడుస్తుంది, నిర్వాహకునికి విహరిణి ఉంటే చాలు. ఇందులో రెండు రకాలు వచ్చాయి. ఒక్క డేటాబేసును చూసుకునేది డేటాబేస్ కంట్రోల్. అనేక సర్వర్లను, వాటిలోని అనేక డేటాబేసులను ఒకే కేంద్రం నుండి చూసేది గ్రిడ్ కంట్రోల్. మొదటిది డేటాబేసుతో పాటే వచ్చేది కనుక విద్యార్థులు ఎక్కువగా చూసింది దానినే. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణా కేంద్రాలలో డీబీఏ కోర్సు నేర్చుకున్న ఒక తరానికి ఒరాకిల్ అనగానే గుర్తుకు వచ్చే తెరలలో ఇది ఒకటి.

నిర్మాణం

డీబీ కన్సోలులో మూడు భాగాలుండేవి. మొదటిది ఏజెంట్. ఇది సర్వరులో కూర్చుని డిస్కులో ఎంత ఖాళీ ఉంది, డేటాబేసు స్పందిస్తున్నదా లేదా వంటి వివరాలను సేకరించేది. రెండవది జావా ఆధారిత వెబ్ అనువర్తనం. ఇది ఆ వివరాలను పేజీలుగా మలచి విహరిణికి పంపేది. మూడవది భాండాగారం, అంటే సేకరించిన సమాచారం దాచుకునే పట్టికల సముదాయం. ఈ పట్టికలు సిస్‌మాన్ అనే వాడుకరి పేరిట ఉండేవి. డేటాబేసును గమనించడానికి ఏజెంట్ వాడే ఖాతా పేరు డీబీఎస్ఎన్ఎమ్‌పీ.

ఈ మూడవ భాగం ఎక్కడ ఉన్నదనేది ముఖ్యం. అది పర్యవేక్షించవలసిన డేటాబేసులోనే ఉండేది. కాపలావాడు తాను కాపలా కాసే ఇంటిలోనే నిద్రపోవడం వంటిది ఇది. డేటాబేసు పడిపోతే కన్సోలులోని జాబ్‌ల చరిత్ర, హెచ్చరికల చిట్టా అన్నీ దానితోపాటే అందకుండా పోయేవి. అప్పుడు తెరపై డేటాబేసును లేపడానికి, పునరుద్ధరించడానికి అవసరమైన పేజీ మాత్రమే కనబడేది, దానికి కూడా ఆపరేటింగ్ సిస్టమ్ ఖాతా, సంకేతపదం కావలసి వచ్చేవి. ముఖ్యమైన డేటాబేసులున్న సంస్థలు భాండాగారాన్ని వేరే యంత్రంలో పెట్టే గ్రిడ్ కంట్రోలును ఎంచుకోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

కన్సోలును ప్రారంభించడం

ఈఎమ్‌సీటీఎల్ స్టార్ట్ డీబీకన్సోల్ అనే ఆదేశంతో కన్సోలు మొదలయ్యేది, స్టార్ట్ బదులు స్టేటస్ అని ఇస్తే స్థితి తెలిసేది. విండోసులో ఇది ఒక సర్వీసుగా కూడా కనబడేది. 10జీ రెండవ విడుదల నుండి సాధారణంగా 1158 అనే పోర్టు సంఖ్య దీనికి కేటాయించబడేది. ఒకే యంత్రంలో మరిన్ని డేటాబేసులుంటే వాటికి వేరే సంఖ్యలు వచ్చేవి. ఏ సంఖ్య వచ్చిందో మరచిపోయినవారు స్థాపన సంచయంలోని పోర్ట్‌లిస్ట్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలులో చూసుకోవచ్చును.

విద్యార్థులను ఎక్కువగా ఏడిపించిన సమస్య యంత్రం పేరుకు సంబంధించినది. కన్సోలు తన అమరికలను యంత్రం పేరు, డేటాబేసు పేరు కలిపిన ఒక సంచయంలో దాచుకునేది. ల్యాప్‌టాపు ఇంటిలో ఒక చిరునామాతో, సంస్థలో మరొక చిరునామాతో అనుసంధానమైతే నిన్న పనిచేసిన కన్సోలు ఈ రోజు తెరుచుకోదు. విండోసులో లూప్‌బ్యాక్ అడాప్టరు అనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డును స్థాపించి, దానికి మారని చిరునామా ఇచ్చి, ఆ తరువాతే ఒరాకిల్‌ను స్థాపించడం దీనికి సరైన పరిష్కారం. అప్పటికే స్థాపించి ఉంటే ఈఎమ్‌సీఏ అనే పనిముట్టుతో కన్సోలును తీసివేసి మరల అమర్చవలసి ఉంటుంది.

ఆ అమరిక కూడా ఒక దశలో మొండికేసింది. 10.2.0.4, 10.2.0.5 వెర్షన్లలో కన్సోలు సురక్షిత అనుసంధానానికి వాడిన మూల ధ్రువపత్రం గడువు 2010 డిసెంబరు 31తో ముగిసింది. అప్పటికే నడుస్తున్న కన్సోళ్ళకు ఇబ్బంది కలగలేదు కానీ, ఆ తరువాత కొత్తగా అమర్చబోయిన వారికి కారణం వెంటనే బోధపడని దోషాలు వచ్చాయి. ఒరాకిల్ 8350262 సంఖ్య గల ప్యాచ్‌ను విడుదల చేసి దీనిని సరిచేసింది. తన తప్పేమీ లేకుండానే, కేవలం తేదీ మారినందువలన ఒక ఉపకరణం పనిచేయకపోవడానికి ఇది మంచి ఉదాహరణ.

ముఖ్య పేజీలు

10జీలో హోమ్, పెర్ఫార్మెన్స్, అడ్మినిస్ట్రేషన్, మెయింటెనెన్స్ అనే నాలుగు విభాగాలుండేవి. 11జీలో వీటిని విడదీసి అవైలబిలిటీ, సర్వర్, స్కీమా, డేటా మూవ్‌మెంట్ మొదలైనవి చేర్చారు. హోమ్ పేజీలో డేటాబేసు లేచి ఉన్నదా, ఎప్పటి నుండి నడుస్తున్నది, చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు, ఏ హెచ్చరికలున్నాయి అన్నవి కనబడేవి.

నేర్చుకునేవారికి ఎక్కువ ఉపయోగపడినది 'షో ఎస్‌క్యూఎల్' అనే మీట. ఒక పట్టికను సృష్టించడానికి గడులన్నీ నింపిన తరువాత ఈ మీట నొక్కితే, కన్సోలు డేటాబేసుకు పంపబోయే అసలు వాక్యం కనబడేది. మౌసుతో చేసే పని వెనుక ఉన్న భాష ఏమిటో ఇది చూపించేది. ఈ మీటను వాడకుండా కేవలం గడులు నింపడానికే అలవాటు పడినవారు కన్సోలు లేని సర్వరు ముందు కూర్చున్నప్పుడు చిక్కులలో పడేవారు.

జాబ్‌ల పర్యవేక్షణ

ఈ కన్సోలులో రెండు వేరువేరు జాబ్ వ్యవస్థలు కనబడేవి. వీటి తేడా తెలియకపోవడం వలన కొత్తవారు తాము వెదుకుతున్న జాబ్ కనబడక తికమకపడేవారు.

ఒకటి ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ సొంత జాబ్ వ్యవస్థ. ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఆదేశాలను, ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులను, ఆర్‌మాన్ బ్యాకప్ స్క్రిప్టులను నమోదు చేయవచ్చును. వీటిని ఏజెంట్ నడిపేది. పేజీ అడుగున ఉండే జాబ్స్ అనే లంకెను నొక్కితే 'జాబ్ యాక్టివిటీ' పేజీ వచ్చేది. రెండవది డేటాబేసు లోపలి షెడ్యూలరు. 10జీలో ప్రవేశపెట్టిన డీబీఎమ్ఎస్_షెడ్యూలర్ అనే ప్యాకేజీ ద్వారా ఇది పనిచేస్తుంది, దీనికి కన్సోలు ఉన్నా లేకున్నా ఒకటే. దీని జాబ్‌లు జాబ్ యాక్టివిటీ పేజీలో కనబడవు, షెడ్యూలరు విభాగంలో వేరుగా చూడాలి. వీటికి తోడు ఒరాకిల్ 7 కాలం నుండి ఉన్న డీబీఎమ్ఎస్_జాబ్ అనే పాత పద్ధతి కూడా చాలా చోట్ల మిగిలి ఉండేది.

పాత పద్ధతికి ఒక విచిత్ర లక్షణం ఉంది. జాబ్ విఫలమైతే 1 నిమిషం తరువాత, ఆపై 2 నిమిషాలకు, ఆపై 4 నిమిషాలకు ఇలా వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ తిరిగి ప్రయత్నిస్తుంది. 16 సార్లు విఫలమైన పిమ్మట దానికి 'బ్రోకెన్' అని ముద్ర వేసి ఊరుకుంటుంది. ఎవరైనా సరిచేసి తిరిగి నడిపేవరకు అది ఇక నడవదు. వారాల తరువాత ఒక నివేదికలో అంకెలు పాతవిగా ఉన్నాయని ఎవరో గమనించినప్పుడు గాని ఈ సంగతి బయటపడని సందర్భాలుంటాయి.

ఏ జాబూ నడవకపోతే మొదట చూడవలసినది జాబ్_క్యూ_ప్రాసెసెస్ అనే పరామితి. 11జీ రెండవ విడుదలలో దీని విలువ 0 అయితే పాత జాబ్‌లూ, షెడ్యూలరు జాబ్‌లూ రెండూ నిలిచిపోతాయి. డేటాబేసును ఉన్నతీకరించేటప్పుడు తాత్కాలికంగా 0 చేసి, తిరిగి మార్చడం మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు.

జాబ్ యాక్టివిటీ పేజీలో ప్రతి జాబ్‌కు ఒక స్థితి ఉండేది: షెడ్యూల్డ్, రన్నింగ్, సక్సీడెడ్, ఫెయిల్డ్, సస్పెండెడ్, స్టాప్డ్ మొదలైనవి. ఫెయిల్డ్ అంటే జాబ్ నడిచి, మధ్యలో విఫలమైనదని అర్థం. ప్రారంభ దశలోనే దోషం వచ్చిందని చూపిస్తే అసలు నడవనే లేదని అర్థం. ఈ రెండవ దానికి సాధారణ కారణం సంకేతపదం. జాబ్ నమోదు చేసినప్పుడు ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ సంకేతపదాన్ని ఆ తరువాత ఎవరైనా మార్చితే జాబ్ ఆగిపోతుంది. విండోసులో ఆ వాడుకరికి 'లాగ్ ఆన్ యాజ్ ఎ బ్యాచ్ జాబ్' అనే అధికారం ప్రత్యేకంగా ఇవ్వకపోతే, సంకేతపదం సరైనదే అయినా కన్సోలు దానిని ఒప్పుకునేది కాదు. యునిక్సులో ఎన్ఎమ్ఓ అనే ఫైలుకు రూట్ యాజమాన్యం లేకపోతే ఇటువంటి దోషమే వచ్చేది, స్థాపన చివరలో రూట్ స్క్రిప్టును నడపకపోవడం దీనికి మూలం.

సఫలమైన జాబ్‌లు

విఫలమైన జాబ్ ఎర్రగా కనబడుతుంది కనుక దాని గురించి ఎవరో ఒకరు పట్టించుకుంటారు. అసలు ప్రమాదం సఫలమైనట్లు కనబడే జాబ్‌లతోనే ఉంది.

కన్సోలుకు జాబ్ లోపల ఏమి జరిగిందో తెలియదు. స్క్రిప్టు ముగిసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇచ్చే ఒక సంఖ్యను మాత్రమే అది చూస్తుంది. 0 వస్తే సఫలం, మరేది వచ్చినా విఫలం. ఎస్‌క్యూఎల్ ప్లస్ స్వభావరీత్యా, తాను నడిపిన వాక్యం దోషంతో ఆగినా, తాను మాత్రం 0తోనే బయటకు వస్తుంది. ఉదాహరణకు రాత్రి 2 గంటలకు ఖాతాల మొత్తాలను లెక్కకట్టే ఒక స్క్రిప్టు ఉన్నదనుకుందాం. టేబుల్‌స్పేసులో స్థలం చాలక ఇన్సర్ట్ వాక్యం విఫలమైంది. స్క్రిప్టు తరువాతి వాక్యానికి వెళ్ళి, చివరి వరకు నడిచి 0తో ముగిసింది. కన్సోలులో సక్సీడెడ్ అని కనబడుతుంది. ఉదయం వచ్చిన నిర్వాహకుడు పచ్చని గుర్తు చూసి తృప్తి పడతాడు. జాబ్ యొక్క అవుట్‌పుట్ లాగ్ తెరిచి చదివితే తప్ప ఆ ఓఆర్ఏ దోషం కంటబడదు.

దీనికి నివారణ స్క్రిప్టు మొదటి పంక్తిలో 'వెనెవర్ ఎస్‌క్యూఎల్ఎర్రర్ ఎగ్జిట్ ఫెయిల్యూర్' అని వ్రాయడం. అప్పుడు మొదటి దోషం వద్దనే స్క్రిప్టు ఆగి, వైఫల్యాన్ని తెలిపే సంఖ్యను ఇస్తుంది. షెల్ స్క్రిప్టులలో మరొక జాగ్రత్త అవసరం. చివరి పంక్తిలో బ్యాకప్ పూర్తయింది అని ఎకో చేస్తే, ఆ ఎకో ఎప్పుడూ సఫలమే కనుక మొత్తం స్క్రిప్టు సఫలమైనట్లే లెక్క. ఆర్‌మాన్ ఫలితాన్ని గొట్టం గుర్తుతో టీ అనే ఆదేశానికి పంపి లాగ్ వ్రాయించినా అంతే, ఆర్‌మాన్ ఇచ్చిన సంఖ్య పోయి టీ ఇచ్చిన సంఖ్య మిగులుతుంది.

బ్యాకప్ విషయంలో ఇది కేవలం సాంకేతిక వివరం కాదు. ప్రతి రాత్రి సఫలమైన బ్యాకప్, డిస్కు చెడిపోయిన రోజున పనికిరాదని తేలితే పోయిన దత్తాంశాన్ని తిరిగి తెచ్చే మార్గం ఉండదు. అందుచేత కన్సోలులోని స్థితిని నమ్మడంతో ఆగకుండా, ఆర్‌మాన్‌లోని 'రిస్టోర్ డేటాబేస్ వాలిడేట్' అనే ఆదేశంతో బ్యాకప్ ఫైళ్ళు చదవదగినట్లు ఉన్నాయో లేదో చూడాలి. అంతకంటే మేలైనది వేరే యంత్రంలో అప్పుడప్పుడు నిజంగా పునరుద్ధరించి చూడడం.

షెడ్యూలరు జాబ్‌ల చరిత్ర డీబీఏ_షెడ్యూలర్_జాబ్_రన్_డీటెయిల్స్ అనే వ్యూలో లభిస్తుంది. వేరుగా మార్చకపోతే 30 రోజుల చరిత్ర మాత్రమే నిలుస్తుంది. నెలకు ఒకసారి నడిచే జాబ్‌లకు ఇది చాలదు, అటువంటి వాటికి లాగ్ గడువును పెంచుకోవాలి.

ముగియని జాబ్‌లు

రోజూ 20 నిమిషాలలో ముగిసే జాబ్ 3 గంటలైనా రన్నింగ్ స్థితిలో ఉంటే అది పని చేస్తున్నదా, ఎదురుచూస్తున్నదా అన్నది తేల్చుకోవాలి. దీనికి పెర్ఫార్మెన్స్ విభాగంలోని బ్లాకింగ్ సెషన్స్ పేజీ ఉపకరించేది. ఎవరో ఒక వరుసను మార్చి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్ళినా, అదే వరుస కోసం వచ్చిన జాబ్ నిలబడిపోతుంది. ఎవరు ఎవరిని ఆపుతున్నారో ఈ పేజీ చెట్టు ఆకారంలో చూపేది. అడ్డుగా ఉన్న సెషన్‌ను అక్కడి నుండే తొలగించవచ్చును.

అయితే కిల్ మీట నొక్కేముందు ఆలోచించాలి. గంటల తరబడి మార్పులు చేసిన సెషన్‌ను తొలగిస్తే ఆ మార్పులన్నింటినీ డేటాబేసు వెనక్కు తీసుకోవాలి. దానికి పట్టే కాలం కూడా తక్కువేమీ కాకపోవచ్చును. ఆ లోపల లాక్‌లు విడుదల కావు. తొందరపాటుతో జాబ్‌నే తొలగించినవారు దాని రోల్‌బ్యాక్ ముగిసే వరకు చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

పని తీరు చిత్రం

పెర్ఫార్మెన్స్ పేజీలోని ప్రధాన చిత్రం సగటున ఎన్ని సెషన్లు చురుకుగా ఉన్నాయో కాలక్రమంలో చూపేది. ఆకుపచ్చ ప్రాంతం ప్రాసెసరుపై నడుస్తున్న పనిని, నీలం ప్రాంతం డిస్కు కోసం ఎదురుచూపును సూచించేవి. 10జీ నుండి డేటాబేసు ప్రతి సెకనుకు ఒకసారి చురుకుగా ఉన్న సెషన్లను నమూనాగా నమోదు చేస్తుంది. దీనిని ఏఎస్‌హెచ్ అంటారు. ఏడబ్ల్యుఆర్ అనే మరొక వ్యవస్థ సాధారణంగా 60 నిమిషాలకొకసారి మొత్తం గణాంకాలను భద్రపరుస్తుంది. వీటిని 10జీలో 7 రోజులు, 11జీలో 8 రోజులు ఉంచేవారు.

రాత్రి వేళ ఈ చిత్రం ఒక్కసారిగా లేచి కనబడితే అది తరచుగా డేటాబేసు తనంతట తాను గణాంకాలు సేకరించే జాబ్ వలన కలిగినదై ఉంటుంది. 10జీలో ఇది వారపు దినాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఉండే నిర్వహణ కిటికీలో నడిచేది. 11జీలో ఆ కిటికీని రాత్రి 10 నుండి 2 వరకు కుదించారు. ఇక్కడ రాత్రి అంటే సర్వరుకు నిర్దేశించిన కాలమండలం ప్రకారం. న్యూయార్కు కాలంతో నడిచే సర్వరును హైదరాబాదు నుండి చూసుకునేవారికి ఈ 10 గంటలు వేసవిలో ఉదయం 7:30, చలికాలంలో 8:30 అవుతాయి. జాబ్ ప్రారంభ సమయాన్ని కాలమండలం పేరుతో ఇస్తేనే షెడ్యూలరు ఈ మార్పును అనుసరిస్తుంది. గంటల తేడాగా మాత్రమే ఇస్తే సంవత్సరంలో కొన్ని నెలలు జాబ్ ఒక గంట అటూ ఇటూ అవుతుంది. భారతదేశంలో గడియారం మార్చే అలవాటు లేనందున మనవారు ఈ సంగతిని సులభంగా మరచిపోతారు.

లైసెన్సు

ఏడబ్ల్యుఆర్, ఏఎస్‌హెచ్ ఆధారంగా వచ్చే పేజీలు డయాగ్నొస్టిక్స్ ప్యాక్ అనే వేరే లైసెన్సు కిందకు వస్తాయి. ఇది ఎంటర్‌ప్రైజ్ ఎడిషనుపై అదనపు ధర చెల్లించి కొనవలసినది. కానీ కన్సోలులో ఆ పేజీలు అందరికీ తెరుచుకునేవి, ఏ వాడుక జరిగిందో డేటాబేసు డీబీఏ_ఫీచర్_యూసేజ్_స్టాటిస్టిక్స్ అనే వ్యూలో నమోదు చేసుకునేది. కొనని సంస్థలో ఒక నిర్వాహకుడు ఉత్సుకతతో నొక్కిన లంకె తనిఖీ సమయంలో సంజాయిషీకి దారి తీయవచ్చును. 11జీలో వచ్చిన కంట్రోల్_మేనేజ్‌మెంట్_ప్యాక్_యాక్సెస్ అనే పరామితిని నన్ అని మార్చితే ఈ సౌకర్యాలు మూతపడతాయి. డబ్బు చెల్లించకుండా ఇటువంటి సమాచారం కావలసినవారికి పాతదైన స్టాట్స్‌ప్యాక్ ఉన్నది. అప్రమేయంగా తెరిచి ఉంచి, తరువాత లెక్క అడగడం వాడుకరికి అనుకూలమైన పద్ధతి అనిపించుకోదు.

భద్రత

కన్సోలులోకి సిస్ ఖాతాతో ప్రవేశించినవారు డేటాబేసులో ఏమైనా చేయగలరు. కనుక ఆ పోర్టును బహిరంగ అంతర్జాలానికి తెరిచి ఉంచరాదు, సంస్థ లోపలి నెట్‌వర్కుకే పరిమితం చేయాలి. జాబ్‌లను చూడడానికి మాత్రమే వచ్చేవారికి తక్కువ అధికారాలతో వేరే ఖాతాలు ఇవ్వడం మంచిది.

తరువాతి పరిణామాలు

12సీలో డేటాబేస్ కంట్రోల్ స్థానంలో ఈఎమ్ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న కన్సోలు వచ్చింది. ఇది డేటాబేసు లోపలనే, సాధారణంగా 5500 పోర్టుపై నడిచేది, ఏజెంట్ అవసరం లేదు. ఏజెంట్ లేనందువలన డేటాబేసు బయట చేయవలసిన పనులు, అంటే డేటాబేసును లేపడం, బ్యాకప్ తీయడం వంటివి దీనిలో లేవు. దీని తొలి రూపం అడోబీ ఫ్లాష్‌పై ఆధారపడినది. 2020 చివరికి ఫ్లాష్ నిలిచిపోవడంతో ఆ పాత కన్సోళ్ళు విహరిణులలో తెరుచుకోవడం మానేశాయి. 19సీకి మాత్రం అప్పటికే ఫ్లాష్ లేని రూపం ఉంది. 21సీలో ఈఎమ్ ఎక్స్‌ప్రెస్ వాడుక తగ్గించుకొమ్మని ప్రకటించి, 23ఏఐలో పూర్తిగా తీసివేశారు. అనేక డేటాబేసులున్నచోట గ్రిడ్ కంట్రోలుకు వారసుడైన క్లౌడ్ కంట్రోల్ వాడుకలో ఉంది, జాబ్ యాక్టివిటీ పేజీ అందులో కొనసాగుతున్నది.

ఇతర డేటాబేసులకూ ఇటువంటి వెబ్ కన్సోళ్ళు ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ కోసం 1998లో టోబియస్ రాట్‌షిలర్ ప్రారంభించిన పీహెచ్‌పీమైఅడ్మిన్ వీటిలో బాగా ప్రచారం పొందినది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కోసం 2016లో వచ్చిన పీజీఅడ్మిన్ 4 కూడా వెబ్ ఆధారితమే, పీజీఏజెంట్ అనే తోడు ప్రోగ్రామును స్థాపించుకుంటే అందులో జాబ్‌లను నిర్వహించవచ్చును. ఐబీఎమ్ వారి డీబీ2కు డేటా స్టూడియో వెబ్ కన్సోల్ ఉండేది, తరువాత ఆ పనికి డీబీ2 డేటా మేనేజ్‌మెంట్ కన్సోల్ వచ్చింది.